మూడో డ్రైయర్ కొనాల్నా వద్దా? గేటు కాడ లారీలు మూడు రోజులు ఆగుతున్నయ్

ఎడమకాలువ_పిలగాడు (మిర్యాలగూడ) · ఏప్రిల్ 14, రాత్రి 11:20

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లు (వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, డ్రైయర్ల ఎండబెట్టి బియ్యం పట్టేది), నాన్న చూస్కుంటడు, నేను బీటెక్ అయినంక హైదరాబాద్‌ల రెండేండ్లు జాబ్ చేసి పోయిన దసరాకు వాపస్ వచ్చిన. యాసంగి వడ్లు మొదలైనయ్, ఇయ్యాల గేటు బయట లెక్కపెడితే పద్నాలుగు లారీలు, డ్రైవర్లేమో మూడు రోజుల నుంచి ఈడనే పండుకుంటున్నం అంటున్నరు, బండి ఆగినందుకు ఇచ్చే హాల్టింగ్ పైసల కోసం రోజూ లొల్లి. నాన్న ఏమంటడంటే డ్రైయర్లు సరిపోతలెవ్వు, మూడోది పెట్టాలె అని. కొటేషన్ తెప్పిచ్చిండు, బ్యాంకుల కాయితాలు కూడ నడుస్తున్నయ్. ఇప్పుడున్నయి రెండు, ఒక్కోటి 30 టన్నులు. రోజుకు దగ్గర దగ్గర 90 టన్నుల వడ్లు ఎల్తున్నయ్.

నాకెందుకో డౌటు కొడ్తుంది గని నాన్న ముందల చెప్పనీకి నా దగ్గర లెక్క లేదు. ముప్పయ్యేండ్ల సంది మిల్లు నడిపిన మనిషికి నేనేం చెప్తా? ఎవరికన్న ఇసొంటి అనుభవం ఉంటే చెప్పండి. డ్రైయర్ బ్రాండు ఏది మంచిదో తెల్సినా చెప్పండి, ఎటైనా పనికొస్తది.

సాఫ్ట్‌వేర్_సొల్యూషన్ (నల్లగొండ) · ఏప్రిల్ 14, రాత్రి 11:48

బ్రో మీకు కావాల్సింది డ్రైయర్ కాదు ఈఆర్‌పీ. గేట్ ఎంట్రీ, వేబ్రిడ్జి, స్టాక్, బిల్లింగ్ అన్నీ మొబైల్‌లో లైవ్ చూస్కోవచ్చు. రైస్ మిల్లులకి స్పెషల్ ప్యాకేజీ ఉంది, ఇన్‌బాక్స్‌లోకి రండి.

లెక్కలక్క (నల్లగొండ) · ఏప్రిల్ 15, పొద్దున 6:35

పొద్దున్నే ఇన్‌బాక్స్ మొదలాయె. తమ్మి, తొందరపడకు. నేను చిన్న వ్యాపారాల లెక్కలు రాస్త, ఇరవై దాకా క్లయింట్లున్నరు. అందులో ఒకాయన హార్డ్‌వేర్ షాపుకు ఇట్లనే పెద్ద సాఫ్ట్‌వేర్ కొన్నడు. ఆరు నెలలైనంక పోయి చూస్తె కౌంటర్ మీద కంప్యూటరూ ఉన్నది, దాని పక్కకు పాత ఎర్ర నోట్‌బుక్కూ ఉన్నది. గుమస్తా ముందు నోట్‌బుక్కుల రాసి రాత్రి తొమ్మిదికి అవన్నీ మళ్లా కంప్యూటర్ల కొడ్తుండు. అంటే పని తగ్గలే, డబలైంది. ఎందుకంటే సరుకు గోడౌన్ల ఏ ర్యాకు మీద ఉందో ముందూ ఎవ్వరికి తెల్వదు, సాఫ్ట్‌వేర్ వచ్చినంక గూడ తెల్వది. గందరగోళాన్ని కంప్యూటర్ల ఎక్కిస్తె కంప్యూటర్ల గందరగోళం అయితది, అంతే.

పోలేపల్లి_షిఫ్ట్ (జడ్చర్ల) · ఏప్రిల్ 15, పొద్దున 8:10

నేను పోలేపల్లి సెజ్‌ల ఫార్మా ప్రొడక్షన్‌ల చేస్త. మిల్లు గురించి నాకు ఏబీసీడీ తెల్వదు గని నీ పోస్టులనే ఒక లెక్క కనిపిస్తుంది. 90 టన్నులంటే, లారీకి 500 బస్తాలు 40 కిలోల చొప్పున 20 టన్నులు అనుకుంటె, రోజుకు నాలుగున్నర లారీలు దిగుతున్నయ్. గేటు కాడ 14 ఉన్నయ్. పద్నాలుగును నాలుగున్నరతోటి భాగిస్తె మూడు చిల్లర. డ్రైవర్లు మూడు రోజులన్నది సరిగ్గ అదే, వాళ్లేం ఎక్కువ చేసి చెప్తలేరు. జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961ల రుజువు చేసిండు దీన్ని: లైన్ల ఉన్నోళ్లు ఎంతమంది అంటే, రోజుకు ఎంతమంది వస్తున్నరో దాన్ని ఒక్కొక్కరు ఎన్ని రోజులు ఆగుతున్నరో దాంతోటి గుణిస్తె వచ్చేదే. బ్యాంకు క్యూ అయినా దవాఖాన ఓపీ అయినా ఇంతే.

అంటే నీకు రెండే దార్లు. రోజుకు దిగేటియి పెంచుడు, లేకపోతే గేటు కాడికి ఒక్కసారే గుంపుగ రాకుండ చూసుడు. డ్రైయర్ కొంటే మొదటిది అయితదా కాదా అన్నది ఇంకా తేలలే. నిజంగ డ్రైయరే అడ్డమా? 30 టన్నుల డ్రైయర్ ఒక బ్యాచి తియ్యనీకి ఎంతసేపు?

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:05

నింపుడు, ఎండబెట్టుడు, నడుమ రెస్టు, తీసుడు అన్నీ కలిపి పది గంటలు అటిటు.

పోలేపల్లి_షిఫ్ట్ · ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:22

మరి రోజుకు 24 గంటలు. ఒక్కో డ్రైయర్ రెండు బ్యాచ్‌లు తియ్యొచ్చు. రెండు డ్రైయర్లు, నాలుగు బ్యాచ్‌లు, 120 టన్నులు. నువ్వు తీసేది 90. ఆ నాలుగో బ్యాచి ఏడపోయింది తమ్మి?

పాత_మిల్లు (హుజూర్‌నగర్) · ఏప్రిల్ 15, సాయంత్రం 5:40

ఈ చర్చ మా మనవడు చూపించిండు. కాయితం మీద 120 అస్సలు రావు, మోటర్ కాలుతది, ఎలివేటర్ బెల్టు తెగుతది, కరెంటు పోతది. 110 వస్తే మొక్కాలె. అయినా 90 అంటే తక్కువనే.

ఒక్క మాట మాత్రం ముందే చెప్త. ఎవరన్న వేడి పెంచి తొందరగ ఎండబెట్టు అని సలహా ఇస్తె వినకు. ఉడికిన వడ్ల తేమ ముప్పై శాతం దాటి ఉంటది, దాన్ని పద్నాలుగుకు దించాలె. ఒక్క గుక్కల దించితే గింజ లోపల పగులుతది, పైకి ఏం కనపడదు, మిల్లు మీద పోస్తె నూక అయితది. అందుకే సగం దించి ఆపి, లోపలి తడి పైకి వచ్చినంక మళ్లా పెట్టాలె. పిలగాడు రాసిన రెస్టు అదే, దాన్ని కొయ్యొద్దు. అసలు యాసంగి వడ్లను మనం బాయిల్డ్ పట్టేదే నూక కోసం. ఏప్రిల్ మే ఎండలకు చేన్లనే గింజ నెర్రెలు బారుతది, పచ్చి బియ్యం పడితే సగం నూకే. ఉడకబెడితే నెర్రె అతుక్కుంటది. అంత కష్టపడి అతికిచ్చినదాన్ని మళ్లా డ్రైయర్ల పగలగొట్టుకుంటమా?

ఇంకోటి పిలగా, మీ బియ్యానికి వాసన కంప్లైంటు గిట్ల వస్తుందా? ఉత్తగనే అడుగుతున్న.

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 15, సాయంత్రం 6:15

వస్తుంది సార్!! కొన్ని లాట్లకే. కొంచెం పసుపు గూడ తిరుగుతుంది. మీకెట్ల తెల్సింది?

పాత_మిల్లు · ఏప్రిల్ 15, సాయంత్రం 6:30

నానబెట్టిన వడ్లు ఏడనో ఆగుతున్నయ్ మీ మిల్లుల. చూసుకోపో.

వైండింగ్_కాక (కల్వకుర్తి) · ఏప్రిల్ 15, రాత్రి 9:50

మిల్లు నాకూ తెల్వదు. నాది మోటర్ వైండింగ్ షాపు, ఇద్దరు పోరగాండ్లు, నేను. ఎండాకాలం వస్తె బోర్లల్ల నీళ్లు కిందికి పోయి, వోల్టేజీ తక్కువై, సబ్‌మర్సిబుల్ మోటర్లు వరుసపెట్టి కాలుతయ్. షాపు ముందట నలభై మోటర్లు పడి ఉంటుండె. ప్రతి రైతు రోజుకు రెండుసార్లు ఫోను, కాకా అయిందా, కాకా అయిందా. ఫోన్లు ఎత్తుడే ఒక మనిషి పని. ఇంకొక మిస్త్రీని పెట్టుకుందామని చానా తిరిగిన, దొరకలే, దొరికినోడు ఇరవై అయిదు వేలు అడిగిండు.

అప్పుడు మా బావమర్ది (ఆయన బస్ డిపోల మెకానిక్) ఒక ఆదివారం వచ్చి ఊకె కూసోని చూసిండు. చూసి ఒకటే అడిగిండు, ఈ మోటర్లల్ల విప్పినయి ఎన్ని, విప్పనియి ఎన్ని అని. లెక్కపెడితే ముప్పై విప్పనేలే. విప్పకపోతే తీగ ఒక్కటే కాలిందా, బుష్‌లు పోయినయా, రోటర్ గీరిందా తెల్వది. తెల్వకపోతే రైతుకు ఖర్చు చెప్పలేం. చెప్పకపోతే ఆయన ఊ అనడు. ఆయన ఊ అన్నంక సామాన్ హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె, అదింకొక దినం. ఇగ మేం తీగ చుట్టేది ఐదారు గంటల పని, మోటర్ షాపుల ఉండేది ఎనిమిది దినాలు. మిస్త్రీ తక్కువై కాదు ఆగింది.

ఇప్పుడు రూలు ఒకటే: వచ్చిన మోటర్ వచ్చిన రోజే విప్పాలె, రేకు ముక్క మీద నంబరు కొట్టి తీగతోటి కట్టాలె, పొద్దుమూకేలోపు రైతుకు ఫోన్ మేమే చెయ్యాలె. మనుషులు వాళ్లే, షాపు అదే. మూడు నాలుగు దినాలల్ల పోతున్నయ్. ఒక్క తకరారు మిగిలింది, సర్పంచ్ మోటర్ వస్తే నంబరు ఎక్కడున్నా ముందలికి వస్తది. దానికి మందు లేదు.

హాల్టింగ్_డ్రైవర్ (దేవరకొండ) · ఏప్రిల్ 15, రాత్రి 10:30

నేను లారీ నడుపుత, మీ అసొంటి మిల్లుల ముందల్నే నా జీవితం సగం పోయింది కాబట్టి డ్రైవర్ మాట గూడ ఇనండి. మేం పొద్దున నాలుగైదు గంటలకు వచ్చి లైన్ల పెడ్తం. పది గంటల దాకా గేటు కాడ ఎవ్వడు పలకడు. పదిన్నరకు ఒకాయన వచ్చి బొంగు గుచ్చి శాంపిల్ తీస్తడు, తేమ చూస్తడు, తాలు చూస్తడు, తర్వాత కాంటా, తర్వాత హమాలీలు. ఆరింటికి హమాలీలు చేతులు కడుక్కుంటరు. అంటే మా బండి దించనీకి మిల్లుకు దొరికే టైము ఏడు ఏడున్నర గంటలు, అండ్ల అన్నం గంట. ఏ మిల్లైనా ఇదే కథ, మీ ఒక్కరిదని అంటలేను. డ్రైయర్లు పది పెట్టండి, పొద్దున పదింటి దాకా గేటు తెరవకపోతే ఏం లాభం?

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 16, పొద్దున 7:00

అన్నా నువ్వు మా మిల్లు గురించే రాసినట్టున్నది. మా కాడ శాంపిల్ నాన్న ఒక్కడే చూస్తడు, స్నానం పూజ టిఫిన్ అయి వచ్చేసరికి పదైతది.

పోలేపల్లి_షిఫ్ట్ · ఏప్రిల్ 16, పొద్దున 7:45

ఆగు ఆగు, ఇప్పుడే ఫిక్స్ కాకు. ఇది అనుమానం, ఇంకా సాక్ష్యం కాదు. మూడు దినాలు నోట్‌బుక్ పట్టుకొని మిల్లుల నిలబడు. టొయోటాల తైచి ఓనో అని ఉండె, కొత్త ఇంజినీర్లను ఫ్యాక్టరీల నేల మీద చాక్‌పీసుతోటి గుండ్రం గీసి అండ్ల నిలబెట్టేటోడంట, కదలొద్దు, చూడు అని. నువ్వు చెయ్యాల్సింది గదే. ప్రతి డ్రైయర్ ఎప్పుడు నిండింది, ఎప్పుడు ఖాళీ అయింది, ఖాళీ ఉంటే దేనికోసం ఆగింది. ప్రతి నానబెట్టే ట్యాంకు ఎప్పుడు నింపిన్రు, ఎప్పుడు ఉడకబెట్టిన్రు. గంటలు రాయి, కారణం రాయి, మనిషి పేరు రాయకు. పేరు రాసినవంటె రెండో రోజుకు అందరు అబద్ధం చెప్తరు, మా కంపెనీల చూసిన నేను.

బోరింగ్‌బాబు (మహబూబ్‌నగర్) · ఏప్రిల్ 16, పొద్దున 9:15

ఇవన్నీ జపాన్ కార్ల కంపెనీల ముచ్చట్లు బాస్. మన దగ్గర హమాలీ ఒకరోజు వస్తడు ఒకరోజు రాడు, పెళ్లిళ్ల సీజన్ల అసలే రాడు. వడ్లు ఒకటి 14 తేమ, ఒకటి 20 తేమ. గీ నోట్‌బుక్కులతోటి ఏం కాదు, పైసలుంటె మెషిన్ పెట్టాలె, దమ్మున్నోడు పెడ్తడు.

పేట_చీరలు (నారాయణపేట) · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 12:40

బోరింగన్నా, మాది చేనేత, మా దగ్గర మెషినే లేదు, మగ్గమే. అయినా ఇదే సమస్య వచ్చింది కాబట్టి రాస్తున్న. నేను పేట చీరలు వాట్సాప్‌ల అమ్ముత. ఫోటో పెట్టంగనే నా ఫోన్ల ఒకరు, మా ఆయన ఫోన్ల ఒకరు, షాపుకు వచ్చి ఒకరు, ముగ్గురు అదే చీర కావాలంటరు. ఇద్దరికి అమ్మేసినం అనుకోండి, ఒకరికి సారీ చెప్పి పైసలు వాపస్. రెండో రంగుల నేసిస్తం లెండి అందామంటే కుదరదు, మా దగ్గర ఒక పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) మీద ఎనిమిది చీరలు ఎక్కిస్తరు, ఎక్కినంక అవి అయ్యేదాక పడుగు రంగు మారదు. కాబట్టి "అక్కా నెక్స్ట్ మంత్" అనుడే.

నేను చేసిందేంది అంటే, చీర మగ్గం దిగంగనే ఒక చిన్న అట్టముక్క మీద నంబరు, అట్టముక్క చీరకు పిన్ను. ఫోటోల గూడ నంబరు కనపడాలె. పైసలు పడంగనే అట్టముక్క పిన్ను తీసి డబ్బాల ఎయ్యాలె, ఎవరి ఫోన్‌కు ఆర్డర్ వచ్చినా సరే. చీరకు అట్ట లేదంటే అది మనది కాదు ఇగ. మా అత్తమ్మకు చదువు రాదు, ఆమెకు గూడ సమజైంది. ఇన్ని రోజులు మేం ఒకరి మీద ఒకరం అరుచుకున్నం, నువ్వు చెప్పలే అంటే నువ్వు చెప్పలే అని. చెప్పే పద్ధతే లేదు ఇంట్ల, తప్పు ఎవరిదని చెప్పాలె?

లెక్కలక్క · ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:30

పేట అక్కా మీ అట్టముక్క నాకు మస్తు నచ్చింది, మా క్లయింట్ ఒకామెకు చెప్త.

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 19, రాత్రి 12:15

మూడు రోజులు, రెండు రాత్రులు నిలబడ్డ. కండ్లు మండుతున్నయ్ గని నిద్ర వస్తలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్న, కొంచెం పెద్దగ ఉంటది.

పొద్దున పదిన్నరకు శాంపిళ్లు మొదలు. మొదటి లారీ వడ్లు దించే గుంతల పడేసరికి పదకొండు. ట్యాంకులు నిండేసరికి పన్నెండు దాటుతది. వేడినీళ్లల్ల ఐదారు గంటలు నానుతయ్. సాయంత్రం ఆరింటికి స్టీము. మా బాయిలర్ ఆపరేటర్ ఒక గుప్పెడు తీసి చూస్తడు, ఊక మూతి విచ్చుకుంటె అయిపోయినట్టు, గడియారం గిట్ల ఏం చూడడు. ఏడింటికి రెండు డ్రైయర్లు ఒక్కసారే నిండుతయ్. పొద్దున ఐదింటికి రెండూ అయిపోతయ్. అప్పటిదాక మంచిగనే ఉన్నది.

ఇగ అసలు సంగతి. సాయంత్రం ట్యాంకులు ఖాళీ కాంగనే మళ్లా నింపాలె కద, హమాలీలు ఆరింటికి పోతరు. కాబట్టి ఆగమాగం సగం ట్యాంకులే నింపుతరు. అవి రాత్రి పన్నెండుకు నాని రెడీ అయితయ్. గని డ్రైయర్లు ఐదింటి దాకా ఖాళీ లెవ్వు. ఐదు గంటలు నానిన వడ్లు తడితోటి అట్లనే పడి ఉంటయ్. పాత మిల్లు సార్, మీరు అడిగిన వాసన ఇదే. పొద్దున మూడింటికి ట్యాంకు కింద వాల్వు కాడ ముక్కు పెట్టి చూసిన, పుల్లగ గుప్పుమన్నది.

పొద్దున ఐదింటికి ఆ సగం వడ్లు ఒక డ్రైయర్‌లకు పోతయ్. రెండో డ్రైయర్? ఖాళీ. పొద్దున ఐదు నుంచి సాయంత్రం ఏడు దాకా ఖాళీ. మూడు రోజులు అంతే. పద్నాలుగు గంటలు. నాన్న లోన్ పెట్టి మూడో డ్రైయర్ కొంటా అంటుండు, రెండోది పగలంత ఉత్తగ నిలబడ్డది.

వైండింగ్_కాక · ఏప్రిల్ 19, పొద్దున 5:55

ఇగ చూడు. మా విప్పని మోటర్లు గుర్తొచ్చినయ్ నాకు.

పోలేపల్లి_షిఫ్ట్ · ఏప్రిల్ 19, పొద్దున 8:30

శభాష్ తమ్మి, నాలుగో బ్యాచి దొరికింది. ఇప్పుడు ఎందుకు ఎందుకు అని అడుగుతూ పో. రెండో డ్రైయర్ ఎందుకు ఖాళీ? నానిన వడ్లు లెవ్వు. ఎందుకు లెవ్వు? సాయంత్రం సగమే నింపిన్రు. ఎందుకు? పొద్దున నింపుడే లేటు, హమాలీల టైము అయిపోయింది. ఎందుకు లేటు? పదిన్నర దాకా శాంపిల్ చూడలే. ఎందుకు? నాన్న ఒక్కడే చూస్తడు. ఇంకొక్కటి మిగిలింది, నాన్న ఒక్కడే ఎందుకు చూస్తడు? ఆడ ఆపకు, ఆ జవాబు లేకుండ పోయి "నాన్నా నువ్వు పొద్దున్నే లేవాలె" అన్నవనుకో, ఇంట్ల అన్నం దొరకది.

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 19, రాత్రి 9:40

అడిగిన. ఇంట్ల అమ్మ చెప్పింది, నాన్న చెప్పలే. రెండేండ్ల కింద గుమస్తా శాంపిల్ చూస్తుండె. ఒకసారి తడి వడ్లు తేమ 17 శాతం లోపలనే అని రాసి పదిహేను లారీలు దించిండు, పైసలు చేతులు మారినయ్ అంటరు, నిజమెంతో తెల్వదు. ఆ వడ్లు గోడౌన్ల వేడెక్కి మస్తు లాస్ అయింది. అప్పటి సంది మాయిశ్చర్ మీటర్ నాన్న తన బండి డిక్కీల పెట్టుకొని ఇంటికి తీస్కపోతుండు. నాకు ఇన్ని రోజులు తెల్వది. మీటర్ రాత్రి మా ఇంట్ల షోకేసుల ఉంటది, బొమ్మల పక్కకు.

లెక్కలక్క · ఏప్రిల్ 19, రాత్రి 10:05

పాపం. మీ నాన్నది మొండితనం కాదు తమ్మి, దెబ్బ తిన్న జాగ్రత్త. ఆ జాగ్రత్త పోకుండ మీటర్‌ను గేటు కాడికి తేవాలె. నమ్మకం పెట్టుకో నాన్నా అంటే పెట్టుకోడు, నేనైనా పెట్టుకోను.

పోలేపల్లి_షిఫ్ట్ · ఏప్రిల్ 19, రాత్రి 10:40

మా ఫార్మాల ఇది రోజువారీ పని. ప్రతి బ్యాచి నుంచి శాంపిల్ తీసి దాచిపెడ్తం, తర్వాత కంప్లైంట్ వస్తె తీసి మళ్లా టెస్ట్ చేస్తం. నువ్వు గూడ అదే చెయ్యి. పొద్దున ఆరింటికి గుమస్తా ప్రతి లారీకి శాంపిల్ తీసి చూడాలె. 17 లోపల ఉంటే దించుకోవచ్చు. 17 దాటితే దించొద్దు, నాన్నకు ఫోన్. ప్రతి లారీ శాంపిల్ అర కిలో గాలి పోని కవర్ల కట్టి, లారీ నంబరు, మీటర్ రీడింగు రాసి, డబ్బాల పెట్టాలె. నాన్న పదింటికి వచ్చి తనకిష్టమొచ్చిన మూడు కవర్లు తీసి మళ్లా చూస్తడు. ఏ మూడు అన్నది ఆయనకు తప్ప ఎవ్వరికి తెల్వది. గుమస్తా తప్పు రాస్తే అదే రోజు బయటపడ్తది, పదిహేను లారీల దాకా పోదు.

పాత_మిల్లు · ఏప్రిల్ 20, పొద్దున 6:20

ఇది బాగున్నది. కవర్లు ఎండల పెట్టొద్దు, తేమ మారుతది. మీటర్లు గూడ రెండు కొనుండ్రి, ఒకటి నాన్న కాడనే ఉండనియ్యి. ఆయన మీటర్ ఆయన దగ్గర్నే ఉంటే మనసు నిమ్మళం ఉంటది. రెండిట్లను వారానికోసారి ఒకే వడ్ల మీద పెట్టి సరిచూసుకోండ్రి, తేడా వస్తే రైతుతోటి, వడ్ల కొనుగోలు సెంటర్‌తోటి ఊకె పంచాయితీ అయితది.

సాయంత్రానికి నలుగురు హమాలీలను ఎనిమిది దాకా ఉంచుకో. ఎక్కువ కూలి ఇయ్యి, పీనాసితనం చెయ్యకు. వాళ్లు ఆరింటికి పోయేది బద్ధకమై కాదు, చీకట్ల గుంత కాడ లైటు లేక. ఉన్నదా మీకాడ?

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 20, పొద్దున 6:50

ఒక్క బల్బు ఉన్నది సార్ 😐

లెక్కలక్క · ఏప్రిల్ 20, పొద్దున 10:15

కరెంటు గురించి ఒక మాట, ఎవ్వరు చెప్పలే కాబట్టి. మీది హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ కద. దాంట్ల మీరు కాల్చిన యూనిట్లకే కాదు, ఒక్కసారి ఎంత లోడు లాగిన్రు అన్న డిమాండుకు గూడ బిల్లు. వాడకపోయినా కాంట్రాక్టు డిమాండుల (కరెంటోళ్లతోటి రాయించుకున్న లోడుల) 80 శాతానికి కట్టాల్సిందే. మూడో డ్రైయర్ పెడితే ఫ్యాన్లు, ఎలివేటర్లు కలిసి లోడు పెరుగుతది, కాంట్రాక్టు డిమాండు పెంచుకోవాలె, సీజన్ లేని నెలల గూడ ఆ బిల్లు వస్తది. అదే ఉన్న డ్రైయర్‌నే పగటిపూట గూడ నడిపితే యూనిట్లు పెరుగుతయ్ గని అంత డిమాండు పెరగది. కొటేషన్ కాయితం మీద ఇది ఎవ్వడు రాయడు. లోన్ వడ్డీ, ఇది, రెండూ ఒక తెల్లకాయితం మీద రాసి నాన్న ముందు పెట్టు, మాటలొద్దు.

ఇంకోటి, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంటే కేంద్ర ప్రభుత్వం లీన్ (పనిల వృథా తగ్గించుడు) స్కీము ఉన్నది, 2023 మార్చిల మొదలైంది. ఇప్పుడు నువ్వు చేసినటువంటి పనికే కన్సల్టెంట్‌ను పంపిస్తరు, ఆయన ఫీజుల 90 శాతం ప్రభుత్వమే పెట్టుకుంటది. సీజన్ అయినంక చూడు, ఇప్పుడు ఫారాలు నింపుకుంట కూసోకు.

బోరింగ్‌బాబు · ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:00

సరే ఒప్పుకుంటున్న. గని రేపు 120 టన్నులు అయితే మిల్లు సెక్షన్ తట్టుకుంటదా? ఎండిన వడ్లు దంచనీకి? అది ఆగితే మళ్లా డ్రైయర్ దగ్గర్నే జాం.

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:25

మిల్లు గంటకు 8 టన్నులు అన్నా, ఇప్పుడు 90 టన్నులకు పదకొండు పన్నెండు గంటలే నడుస్తది. 120 అయినా పదిహేను గంటలు. ఉన్నది జాగ.

హాల్టింగ్_డ్రైవర్ · ఏప్రిల్ 20, రాత్రి 8:45

ఇంకొక సంగతి తమ్మి. సెంటర్ల నుంచి మీ మిల్లుకు లారీలు పంపేటోళ్లకు మీ కాడ ఎన్ని ఉన్నయో తెల్వది. కాంటా అయింది, ట్రక్ షీట్ రాసినం, పో అంటరు. నువ్వు రోజూ సాయంత్రం సెంటర్లోళ్లకు ఒక్క మెసేజ్ పెట్టు, మా గేటు కాడ ఇన్ని ఉన్నయ్, రేపు ఇన్ని దించుతం అని. అందరు వినరు, కొంతమంది వింటరు. మేం గూడ మీ మిల్లు ముందట పండుకునే బదులు ఇంట్ల పండుకొని వస్తం.

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 27, రాత్రి 10:50

అప్‌డేట్. తెల్లకాయితం పెట్టిన, నాన్న చూసి ఏం అనలే, మడిచి జేబుల పెట్టుకున్నడు. తెల్లారి పొద్దున ఐదింటికి మిల్లుకు పోయి రెండో డ్రైయర్ ముందల కుర్చీ ఏసుకొని కూసున్నడంట, వాచ్‌మన్ చెప్పిండు. ఎనిమిది దాకా కూసున్నడు. వచ్చి మీటర్ ఇంకోటి తే అన్నడు, అంతే.

ఆరు రోజులైంది. గేటు ఆరింటికి తెరుస్తున్నం, మొదటి ట్యాంకులు ఏడున్నరకు నింపుడు మొదలు, మధ్యాహ్నం రెండింటికి డ్రైయర్లల్ల పడుతున్నయ్. గుంత కాడ నాలుగు ఫ్లడ్ లైట్లు పెట్టిచ్చిన, సాయంత్రం బ్యాచి నిండుగ నింపుతున్నరు. ఒకరోజు 104 టన్నులు, నిన్న 112. ఒకరోజు ఎలివేటర్ బెల్టు తెగి 80యే, పాత మిల్లు సార్ అన్నట్టే. గేటు కాడ ఇయ్యాల ఎనిమిది లారీలు. డ్రైయర్ కొటేషన్ ఇంక టేబుల్ మీదనే ఉన్నది, నాన్న చింపలే, దాని మీద టీ గ్లాసు పెడ్తుండు.

పాత_మిల్లు · ఏప్రిల్ 28, పొద్దున 6:05

వాసన?

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 28, పొద్దున 6:40

పోయింది సార్. రాత్రి నేనే ముక్కు పెట్టి చూసిన.

పోలేపల్లి_షిఫ్ట్ · ఏప్రిల్ 28, పొద్దున 9:00

కవర్లల్ల తేడా ఏమన్న దొరికిందా?

ఎడమకాలువ_పిలగాడు · ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:15

పద్దెనిమిది కవర్లు మళ్లా చూసిండు నాన్న. ఒక్కటే తేడా, అరపాయింటు, అదీ నాన్న మీటర్‌దే తప్పు, బ్యాటరీ వీక్ అయింది. గుమస్తా ఎదురుంగ నాన్న ఒప్పుకోలే గని రాత్రి నన్ను అడిగిండు, ఈ సెల్లు ఏడ దొరుకుతది అని. గేటు కాడ గూడ నిన్న మీటర్ ఆగిపోయి స్పేరు సెల్లు లేక నలభై నిమిషాలు లైను ఆగింది. అది గూడ నోట్‌బుక్కుల రాసిన.

వైండింగ్_కాక · ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:40

సెల్లు డజను కొని గేటు కాడ గోడ మొలకు తగిలియ్యి. నాన్న డిక్కీల పెట్టకు.